కుండలో మా అక్కయ్య గొంతు

నేను కోతలు కోస్తానని మా ఊళ్ళో చిన్నా పెద్దా అందరికీ తెలుసు. జాకెట్లు కుట్టడం నా పని. కుట్టేటప్పుడు చేతులు ఖాళీ ఉండవు గానీ నోరు ఖాళీయే కదా. ఒక వరదలో మా గేదె కొబ్బరిచెట్టెక్కి మూడు రోజులు మొవ్వులో కూర్చుని నెమరు వేసిందని చెబితే, నమ్మనివాళ్ళు కూడా ఆ మూడు రోజులూ పాలెవరు పితికారని అడిగేవారు. నేనే ఎక్కి పితికానని చెప్పేదాన్ని. చెంబు జారి కిందపడితే కింద వరదంతా తెల్లబడిందని కూడా చెప్పేదాన్ని. ఇలాంటి మనిషి ఇప్పుడొచ్చి ఇది నిజమండీ అంటే మీకు నవ్వొస్తుంది. నవ్వుకోండి. కానీ ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, ఒళ్ళు మండేటప్పుడు నాకు కల్పన తోచదు.

ముమ్మిడివరానికి దగ్గరే మా ఊరు. మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఎనభైల్లో మస్కట్ వెళ్ళి కరెంటు పని చేసేవారు. ఆయన భార్య నా తోటికోడలు. నాకంటే పదేళ్ళు పెద్దది, అక్కయ్యా అని పిలుస్తాను. రెండిళ్ళకీ అరుగు ఒకటే, నుయ్యి ఒకటే. అక్కయ్యకి చదవడం వచ్చు, రాయడం రాదు. ఆవిడే కాదు, మా వీధిలో మొగుళ్ళని గల్ఫ్ పంపుకున్న ఆడవాళ్ళలో సగం మందికి ఉత్తరం రాయాలంటే ఇంకొకళ్ళ చెయ్యి కావాలి. ఇంకొకళ్ళ చేత్తో మొగుడికి ఏం రాయిస్తారు? అందరూ కులాసా అని రాయిస్తారు, అంతే.

అందుకని బావగారు మొదటిసారి సెలవుకి వచ్చినప్పుడు ఒక టేప్ రికార్డర్ తెచ్చి ఇచ్చారు. దాన్ని అక్కయ్య తన ఇంట్లో ఉంచుకోలేదు. ఆ మీటలంటే ఆవిడకి భయం, నొక్కితే చేతికి షాకు కొడుతుందని. నా కుట్టుమిషను పక్క బల్లమీద పెట్టించింది. అప్పటినుంచి మధ్యాహ్నం పూట నా గది వీధంతటికీ పోస్టాఫీసు అయిపోయింది. జాకెట్టు ముక్కతో పాటు కొంగులో క్యాసెట్టు పెట్టుకుని వచ్చేవారు. నేను ఎర్ర మీట నొక్కి అరుగుమీదకి వచ్చేసేదాన్ని. మైకు ముందు కూర్చున్నట్టు గొంతు సవరించుకుని, ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అంటూ మొదలుపెట్టేవారు. నేను ఎంత వాగుడుకాయనైనా ఆ గదిలో మాట ఒక్కటి బయటికి మోయలేదు. గేదెని చెట్టెక్కించాను గానీ అది మాత్రం చెయ్యలేదు.

ఆ క్యాసెట్లకి ఒక పద్ధతి ఉండేది. పోస్టులో వెయ్యరు, మస్కట్‌కో కువైట్‌కో వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపుతారు. అక్కడ ఆయన వింటాడు. విని, అదే క్యాసెట్టు మీద, అదే చోట తన మాట పెట్టి, వచ్చేవాళ్ళ చేతికిస్తాడు. ఈవిడ మాట చెరిగితేనే ఆయన మాట పడుతుంది. మళ్ళీ ఆయన మాట చెరిపి ఈవిడ మాట్లాడుతుంది. ఒకే క్యాసెట్టు మూడేళ్ళు నాలుగేళ్ళు అలా సముద్రం దాటుతూ తిరిగేది. మాటలు దాచుకోవాలని ఎవరికీ తోచలేదు. కంచంలో అన్నం లాంటిదన్నమాట. తినాల్సిన మనిషి తింటాడు, కంచం కడిగి మళ్ళీ వడ్డిస్తారు.

అలాంటి రోజుల్లో ఒకాయన వచ్చాడు. నగరంలో బొమ్మలు వెయ్యడం నేర్చుకున్నాడట. కానీ బొమ్మలు మానేసి చప్పుళ్ళు పోగు చేస్తున్నాడట. గుబురు గడ్డం, భుజాన టేప్ రికార్డరు. మా హైస్కూలు మాస్టారొకాయన ఇంట్లో దిగి, రైసుమిల్లు దగ్గరా రేవు దగ్గరా మైకు పట్టుకుని నిలబడేవాడు. పడవ తాడు కిర్రుమనే చప్పుడు కోసం ఒక పూటంతా కాళ్ళు బురదలో పెట్టుకుని కూర్చున్నాడని చెప్పుకున్నారు. నేను నా వంతు కలిపి, చేపలు మాట్లాడుకునే మాటలు కూడా పట్టాడట అని ప్రచారం చేశాను. ఒకావిడ, చేపలు ఏమనుకుంటున్నాయని అడిగింది.

ఆయన నా దగ్గరికి వచ్చింది సంచీ కోసం. ఆయన మిషను మామూలుది కాదు, రెండు క్యాసెట్లు పట్టేది, రెండు తలుపులు. దానికి కాకీ గుడ్డతో ఒక సంచీ కుట్టిపెట్టమన్నాడు. మైకు తీగ బయటికి రావడానికి పక్కన కన్నం, మూత తియ్యకుండానే మీటలు నొక్కడానికి పైన ఎత్తి దించే చిన్న గుడ్డ పలక. కొలతలు తీసుకుంటూ ఉండగా అక్కయ్య వచ్చింది. ఆ సాయంత్రం ఒకాయన బొంబాయి మీదుగా మస్కట్ బయల్దేరుతున్నాడు, క్యాసెట్టు ఇచ్చెయ్యాలి. అసలు మా మిషను అంతకు నాలుగు రోజుల ముందునుంచి టేపు నమలడం మొదలుపెట్టింది. ఏం చెయ్యాలో తెలియక ఇద్దరం తలలు పట్టుకుంటుంటే ఆయనే అన్నాడు, నా మిషను వాడుకోండి అని. ఎంత మర్యాదస్థుడో అనుకున్నాను. క్యాసెట్టు పెట్టి, ఏ మీటో నాకు చూపించి, తనే అరుగుమీదకి వెళ్ళి కూర్చున్నాడు.

అక్కయ్య ఒక్కతీ ఉంటే మీటల భయం కాబట్టి నేను ఎప్పుడూ పక్కన ఉండాల్సిందే. ఎప్పట్లాగే ముందు చిన్న ప్రార్థన చేసింది. తరవాత ఊరి సంగతులు: గేదె ఈనింది, కాలవకి నీళ్ళు వదిలారు, చర్చికి కొత్త మైకు తెచ్చారు, పాతదాని కంటే బొంగురుగా ఉంది. అన్నీ అయిపోయాయి, ఇంక ఆపమంటుంది అనుకుంటే, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మిషను దగ్గరికి వంగింది.

"ఒక్క మాటండి. నవ్వకండి. మీరు వెళ్ళేకా ఇంట్లో చప్పుడు లేదండి, నిద్దర పట్టట్లేదు. ఒక్క రోజు మీరు పడుకునేటప్పుడు మిషను పక్కన పెట్టుకుని మీ గురక పట్టి పంపించండి. నాకు మరేం తేవద్దు."

నేను నవ్వాను. ఆపుకోవాలని చూశాను గానీ ముక్కులోంచి వచ్చేసింది. అక్కయ్య నా తొడమీద గిల్లింది. అదంతా టేపులో పడింది.

బొమ్మలాయన లోపలికి వచ్చి, సరిగ్గా పడిందో లేదో చూస్తానండీ అని ఏవో రెండు మీటలు నొక్కాడు. అక్కయ్య గొంతు గోరింక పిట్ట గొంతులా కిచకిచమంటూ పరుగెత్తింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. మాకు నవ్వాగలేదు. అక్కయ్య కూడా కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. ప్రార్థన కూడా ఇలాగే వినిపిస్తే దేవుడికేం అర్థమవుతుందే అంది. ఆ పిట్ట కూత నిలిచేదాకా ఆయన చేతులు కట్టుకుని నిలబడి, పడిందండీ, చాలా బాగా పడింది అన్నాడు. మా పెరట్లో బొండాలు రెండు కొట్టి ఇచ్చాను. రెండూ తాగాడు. రెండో తలుపులో ఇంకో క్యాసెట్టు తిరుగుతోందని, ఆ కిచకిచ అంతా నకలు తీస్తున్న చప్పుడని, నేను కుట్టుమిషను మీద ఇరవై ఏళ్ళు బతికినదాన్నయ్యుండీ కనిపెట్టలేకపోయాను. ఆ రెండు బొండాలూ నాకు ఇప్పటికీ గుర్తొస్తాయి.

మూడు వారాలకి ఒక అచ్చువేసిన కార్డు వచ్చింది. మనిషికీ యంత్రానికీ మధ్య ఉన్న బంధం మీద అమలాపురంలో ప్రదర్శన అని, మీ సహకారానికి కృతజ్ఞతలు అని చేత్తో రాసి ఉంది. సహకారమంటే సంచీ అనుకున్నాను. అక్కయ్యా, నా సంచీ ప్రదర్శనలో పెట్టినట్టున్నారు, చూసొద్దాం పద అన్నాను. ఆవిడ బావగారు పంపిన చీర కట్టుకుంది. నేను పక్కింటివాళ్ళతో, నా కుట్టు చూడ్డానికి కలెక్టరు కూడా వస్తున్నాడని చెప్పి బస్సెక్కాను.

ఒక గ్రంథాలయం మేడమీద హాలు. గోడలకి బొమ్మలు లేవు. పైనుంచి ఉట్లు వేలాడదీసి, ఉట్టికో మట్టికుండ పెట్టారు, డజను దాకా ఉంటాయి. కుండ లోపల చిన్న స్పీకరు. జనం కుండల్లోకి చెవులు పెట్టి నిలబడ్డారు. కాలేజీ లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగులు, మంచి చీరలు కట్టుకున్న ఆడవాళ్ళు, అందరూ పక్కకి వంగిపోయి మెడలు పట్టేసినవాళ్ళలా ఉన్నారు. నేనూ ఒక కుండలో చెవి పెట్టాను. ఆత్రేయపురంలో పూతరేకు తీసేటప్పుడు వేడికుండ మీద తడిగుడ్డ లాగుతారు చూడండి, ఆ సుయ్యిమనే చప్పుడు. కుండ చప్పుడు కుండలోంచే రావడం. ఎందుకబద్ధం, బాగుంది. ఇంకో దాంట్లో రైసుమిల్లు. మరో దాంట్లో పడవ తాడు. ఆయన బురదలో కూర్చున్నందుకు ఫలితం దక్కిందనుకున్నాను.

చివరి కుండ దగ్గర ఎక్కువమంది ఉన్నారు. అక్కయ్య అక్కడే వరసలో నిలబడి, తన వంతు వచ్చాక చెవి పెట్టింది. కాసేపు విని నావైపు తిరిగి అంది, "ఎవరో పాపం, మన వైపు ఆవిడేనే. మొగుడికి చెబుతోంది."

తన గొంతు తనకి తెలియలేదు. రికార్డయిన మన గొంతు మనకి ఎవరిదోలా ఉంటుంది కదా. పైగా క్యాసెట్టులో తను మాట్లాడింది ఆవిడ ఎన్నడూ వెనక్కి వినలేదు, వినాల్సింది తను కాదని. మళ్ళీ చెవి పెట్టింది. నేనూ పక్కనుంచి చెవి ఒగ్గాను. గేదె ఈనడం దగ్గర మొహం కొంచెం మారింది. చర్చి మైకు దగ్గర చెయ్యి కుండమీద పడింది. ఆ తరవాత వచ్చే మాట ఏమిటో నాకు తెలుసు. ఆ మాటా అయిపోయి, ఆ కుండలోంచి నేను ముక్కుతో నవ్విన నవ్వు బయటికి వినిపించింది.

చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. వాళ్ళు అప్పటికే ఒకసారి విని, ఆ నవ్వు కోసం మళ్ళీ కాచుకుని ఉన్నారు. ఒకాయన పక్కనున్న భార్యతో, వింటున్నావా, నా గురక విలువ ఇప్పుడైనా తెలిసిందా అన్నాడు. ఆవిడ, మీది పంపిస్తే కస్టమ్స్‌లో ఆపేస్తారండీ అంది. వాళ్ళ తప్పేమీ లేదు. పక్కన నిలబడిన మనిషిదే కుండలో గొంతని వాళ్ళకేం తెలుసు.

అక్కయ్య కుండమీంచి చెయ్యి తీసేసింది. మెల్లిగా బయటికి నడిచి మేడమెట్ల మీద కూర్చుంది. నేను వెనకే వెళ్ళాను.

"ఆయన ఇంకా వినలేదే," అంది. "తీసుకెళ్ళినాయన కాయితాలు రాక బొంబాయిలోనే ఉన్నాడంట, మొన్న కబురొచ్చింది. ఆయన వినకముందే ఊరంతా విన్నారు. ఎంగిలి చేసేరు."

నేనేదో అనబోయాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఇంక ఆ మిషను ముందు కూర్చోను, ఆయన కబురడిగితే నువ్వు ఉత్తరం రాసెయ్యి అంది. క్షేమమని రాసెయ్యి చాలు అంది. అంటే, నాలుగేళ్ళుగా ఆ మొగుడూ పెళ్ళాల మధ్య ఉన్న ఒక్క దారీ ఆ మెట్లమీద మూసుకుపోయింది. దానికి మీట నొక్కింది నేను, నవ్వింది నేను, కొత్త చీర కట్టించి తీసుకొచ్చి వినిపించింది కూడా నేనే.

లోపలికి వెళ్ళి బొమ్మలాయన్ని పట్టుకున్నాను. మావైపు తిట్టాల్సి వచ్చినా అండీ మానం, దానివల్ల తిట్టు ఇంకా బాగా దిగుతుంది. అది ఎవరి మాటండీ అన్నాను. ఆయన నన్ను గుర్తుపట్టి నిజంగానే సంతోషించాడు. ఆ సంతోషం చూస్తే, తన తప్పులో నన్నూ కలుపుకున్నట్టనిపించింది. ఈ మొత్తం ప్రదర్శనకి ఆ కుండే ప్రాణమండీ అన్నాడు. యంత్రం మనిషిని మరబొమ్మని చేస్తుందంటారు, చూడండి, ఆవిడ యంత్రాన్నే కాపురంలోకి తీసుకుంది, ఆ మాట విన్న రోజు నేను ఏడ్చానండీ అన్నాడు.

"ఏడిస్తే మీ ఇంట్లో ఏడవాల్సిందండీ. కుండలు కట్టి ఊరిని పిలుస్తారా?"

పేరు పెట్టలేదు కదండీ, ఎవరిదో ఎవరికి తెలుస్తుంది అన్నాడు. ఆవిడకి తెలుస్తుంది కదండీ అన్నాను. ఇది దొంగతనం కాదు, కళ అన్నాడు. ఆ కుండ తీసేస్తే వారం రోజుల ప్రదర్శన పాడైపోతుంది, ముగిశాక మాట్లాడుకుందాం అన్నాడు. గొంతు పెంచలేదు, ఓపిగ్గా చెప్పాడు, ఎదర ఉన్నది తెలియని మనిషి అన్నట్టు. కుట్టుపని చేసుకునేదానికి కళ ఏం తెలుస్తుందని ఆ ఓపికలో ఉంది. జాకెట్టుకి చంక సరిగ్గా కూర్చోబెట్టడం ఎంత కళో ఆయనకి తెలుసా? అది కూడా ఒకరి ఒంటి కొలతలతో చేసేదే. ఆ కొలతలు నేను వీధిలో చదివి వినిపిస్తున్నానా?

నాకు కోపం వస్తే కల్పన తోచదని ఇందాక చెప్పాను. ఆ రోజు ఒక్కసారి తోచింది. ఆ కుండ దగ్గరే నిలబడి, వచ్చినవాళ్ళకి వచ్చినట్టు చెప్పడం మొదలుపెట్టాను.

"వినండి, వినండి. మీరు విన్నదే కాదండి, మీరు అన్నదీ పట్టుకుంటున్నారు. అదిగో ఆ నల్ల గుడ్డ వెనక మిషనుంది. ఇందాకటినుంచి మీరు నవ్వినవీ, పక్కవాళ్ళతో చెప్పుకున్నవీ అన్నీ పడ్డాయండి. వచ్చే నెల రాజమండ్రిలో మీరు కూడా కుండలో ఉంటారు. ఆయ్."

పచ్చి అబద్ధం. నేనేదీ చూడలేదు. గోడకి నల్ల గుడ్డ కట్టి ఉంది, నోటికి వచ్చింది, అనేశాను. కానీ బొమ్మలాయన మొహం చూశాను. కొబ్బరిచెట్టు మీద గేదె నిజంగా కనబడినవాడిలా అయిపోయాడు.

భార్యతో గురక హాస్యం ఆడినాయన వెళ్ళి గుడ్డ ఎత్తాడు. వెనక స్టూలు మీద నేను కుట్టిన కాకీ సంచీ. పక్క కన్నంలోంచి తీగ, తీగ చివర మైకు, పైన పలక కింద ఎర్ర దీపం. క్యాసెట్టు తిరుగుతోంది.

నా జన్మలో నేను ఆడిన అబద్ధం నా ఎదట నిజమైపోవడం అదొక్కసారే. అంత అసహ్యమేసింది కూడా అప్పుడే.

ఇంక హాల్లో అండీలు మోగిపోయాయి. ఎవరినడిగి పెట్టేరండి అని ఒకరు. ఇందాక నేను మా అత్తగారి గురించి అన్నది కూడా ఉందాండీ అని ఒకావిడ, ఇంచుమించు ఏడుస్తూ. ఒక లెక్చరరు తన ప్రిన్సిపాలు మీద ఏవో అని ఉంటాడు, నేరుగా సంచీలోకి చెయ్యి పెట్టి క్యాసెట్టు ఊడబీకాడు. ప్రేక్షకుల స్పందన కూడా కళలో భాగమేనండీ అని బొమ్మలాయన చెబుతున్నాడు గానీ వినేవాళ్ళు లేరు. నాకు అప్పుడు ఆయన కంటే వాళ్ళమీదే ఎక్కువ మండింది. ఐదు నిమిషాల కిందట వీళ్ళేగా పళ్ళికిలించింది. ఒక పల్లెటూరి ఆవిడ ప్రార్థన కుండలో ఉంటే వీళ్ళకి కళ. తమ మాట గుడ్డ వెనక ఉందనేసరికి దొంగతనం. అదే మాట వాళ్ళ మొహాల మీద అన్నాను. కొందరు తల దించుకున్నారు. అత్తగారి సంగతి అడిగినావిడ మాత్రం, నిజమేనండీ అని నా చెయ్యి పట్టుకుంది.

జనం తమ మాటలున్న క్యాసెట్టులోంచి టేపు లాగి మెట్లదాకా పారేశారు, గోధుమరంగు రిబ్బను కాళ్ళకి చుట్టుకునేలా. ఆ గొడవలో నేను చివరి కుండ వెనక ఉన్న చిన్న మిషను తెరిచి అక్కయ్యది తీసుకున్నాను. ఆయన అడ్డం రాలేదు. నాతోపాటు మెట్లదాకా వచ్చి అక్కయ్య ఎదట నిలబడ్డాడు. అప్పటికి గడ్డం కూడా జాలిగొలిపేలా ఉంది.

"ఒక్కటి అడుగుతానండీ. ముందే అడిగి ఉంటే ఇచ్చేవారా?"

అక్కయ్య చాలాసేపు ఆలోచించింది. అంతసేపు ఆలోచించాల్సిన అవసరం ఆవిడకి లేదు.

"ఇచ్చేదాన్ని కాదు బాబూ. ఆయన విన్నాకా అడిగుంటే, ఆయన్నడిగి చెప్పేదాన్ని."

బస్సులో నేను ఊరుకోలేదు. ఆయన గడ్డం గురించి, ఆయన్ని కన్నవాళ్ళ గురించి ముమ్మిడివరం దాకా చెబుతూనే ఉన్నాను. కాలవ వంతెన రాగానే క్యాసెట్టు నీళ్ళలోకి విసరబోయాను. అక్కయ్య నా మణికట్టు పట్టుకుంది. క్యాసెట్టు అటూ ఇటూ తిప్పి చూసి, మంచి క్యాసెట్టేనే, మనదాని కంటే బాగుంది, ఎందుకు పారెయ్యడం అంది. పారెయ్యనిస్తే బాగుండు అని అప్పుడనిపించింది. కానీ అది చేతిలో ఉన్నంతసేపూ ఆవిడ దాన్నే చూస్తోంది.

ఇంటికి వచ్చాక నేరుగా నా గదిలోకి వెళ్ళింది. మా మిషనుకి అప్పటికే కొత్త బెల్టు వేయించాం, నమలడం మానేసింది. క్యాసెట్టు తనే పెట్టింది, తలకిందులుగా. తీసి మళ్ళీ పెట్టింది. ఎర్రది ఏది, దాంతోపాటు నొక్కాల్సింది ఏది అని అడిగింది. చూపించాను. వేలుతో రెండుసార్లు ఒత్తి చూసుకుంది, షాకు కొట్టలేదు.

"నువ్వు బయటికి వెళ్ళు," అంది. "తలుపు వేసి వెళ్ళు."

ఆయనకి వెళ్ళిన పాత మాట అందకముందే ఈ కొత్త మాట అందాలని, మర్నాడే విజయవాడ మీదుగా వెళ్ళే ఇంకొకాయనని పట్టుకుని ఆ క్యాసెట్టు పంపించింది. అక్కడ బావగారు విని, పద్ధతి ప్రకారం, దానిమీదే తన మాట పెట్టారు. పైన రెండుసార్లు కొత్త మాట పడింది కాబట్టి ఆ కుండలో మోగిన గొంతు ఆ క్యాసెట్టు మీద ఇప్పుడు లేదు. కానీ రెండు తలుపుల మిషను ఉన్న మనిషి దగ్గర ఇంకో నకలు లేదని నాకెవరు హామీ ఇస్తారు? ఎక్కడో ఏ నగరంలోనో, ఏ కుండలోనో, మా అక్కయ్య ఇప్పటికీ గురక అడుగుతూ ఉండొచ్చు. జనం ఇప్పటికీ నా నవ్వు కోసం కాచుకుని ఉండొచ్చు. అది తలుచుకున్నప్పుడల్లా సూది వేలికి గుచ్చుకుంటుంది.

నేనూ ఇక్కడ ఎవరి పేరూ రాయలేదు. పేరు రాయనంత మాత్రాన సరిపోదని నాకు ఆ మెట్లమీద తెలిసింది, అందుకే కలం పట్టేముందు ఆవిణ్ణి అడిగాను. ఆవిడ బావగారిని అడిగింది. కుండ సంగతి దాకా రాసుకో, గదిలో నేను మాట్లాడింది మాత్రం రాయకు అంది. గురక వచ్చిందా లేదా అన్నది కూడా వద్దంది.

రాయాలన్నా నాకు తెలియదు. ఆ మధ్యాహ్నం తలుపు వేసి అరుగుమీద కూర్చుంటే లోపల ఆవిడ గొంతు సవరించుకోవడం వినిపించింది. లేచి నూతి దగ్గరికి వెళ్ళిపోయాను. గిలక కిర్రుకిర్రుమనేలా ఒక చేద తరవాత ఒక చేద, ఎవరికీ అక్కర్లేని నీళ్ళు తోడుతూనే ఉన్నాను. గాబు నిండి, పొర్లి, అరటిచెట్ల దాకా పారింది. తలుపు తెరుచుకునేదాకా ఆపలేదు.